గాయం లేని తొంభై తొమ్మిది రోజులు

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను కోతలు కోస్తాను. చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బు. మా ఇంట్లో నేను "వాన పడుతోంది" అంటే మా ఆవిడ బయటికొచ్చి చెయ్యి చాపి, చినుకు తగిలాకే దండెం మీది బట్టలు తీస్తుంది.

పోర్టులో ఇనప ఖనిజం ఓడకెక్కించేటప్పుడు ఒక పద్ధతి ఉంది. తూకం ఎంతొచ్చినా, అందులో తడి ఎంతుందో చూసి అంత తగ్గిస్తారు. తడి మోసం కాదు. వాన పడింది, ఖనిజం తాగింది, అంతే. ఓడల కాగితాలు రాసే ఆఫీసులో గుమాస్తాగా జుట్టు ఊడగొట్టుకున్నవాణ్ణి కాబట్టి, నా మాటలకీ అదే పద్ధతి పాటించమని మనవి. తడి తగ్గించుకుని చదవండి. ఖనిజంలో రాయి కలిపితే మాత్రం అది వేరే సంగతి, అది మోసమే. ఈ కథలో నేను ఒక రాయి కలిపాను. ఎక్కడ కలిపానో చివర్లో నేనే చూపిస్తాను.

తొంభైల చివరి మాట ఇది. అప్పట్లో ఓ రెండేళ్ళు మేం మద్దిలపాలెంలో అద్దెకున్నాం. నా ఆఫీసు వన్ టౌన్‌లో. ఆదివారం ఆఫీసు లేకపోయినా "ఓడ వచ్చింది" అని చెప్పి బస్సెక్కేసేవాణ్ణి. మా ఆవిడ లెక్క ప్రకారం ఆ రెండేళ్ళలో ఒక్క ఆదివారాల్లోనే విశాఖపట్నం వచ్చిన ఓడలన్నీ వరసగా నిలబెడితే అండమాన్ దాకా నడిచి వెళ్ళిపోవచ్చు. నేను వెళ్ళేది ఫుట్‌బాల్‌కి.

పోర్టు గోడకీ రైలు పట్టాలకీ మధ్య ఉండేది మా గ్రౌండు. దాని మొత్తం మీద పదకొండు గడ్డిపరకలుండేవి, ఆటగాడికొకటి చొప్పున. మిగతాదంతా ఎర్ర దుమ్ము. తెల్ల బనీన్లతో దిగిన జట్టు సగం ఆటకల్లా ఎర్ర జట్టయిపోయేది. అవతలి జట్టు ఎలాగూ ఎరుపే. రెండో సగంలో ఎవరు ఎవరికి బంతి ఇస్తున్నారో వాళ్ళ అమ్మలు కూడా చెప్పలేకపోయేవారు. మా కెప్టెన్ ఒకసారి తన్నిన బంతి ఓడలో పడి సింగపూర్ వెళ్ళిపోయిందని నేను చాలామందికి చెప్పాను. తడి తీసేస్తే, గోడ అవతల లారీలో పడి గాజువాక వెళ్ళింది.

పడమటి గోడ మీద మేం ముగ్గురం కూర్చునేవాళ్ళం. నేనొకణ్ణి. రెండోవాడు స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసే బావ. మాకు చుట్టరికమేమీ లేదు. మా ఊళ్ళో ఇద్దరు మగాళ్ళు రెండుసార్లు కలిసి టీ తాగితే బావలైపోతారు. శ్రీకాకుళం వైపు పల్లెలో నాగలి వదిలేసి ఇక్కడ హెల్మెట్ పెట్టుకున్న మనిషి. మూడో ఆయన సముద్రం మీద వేటకెళ్ళే పెద్దాయన. మా జట్టులో ఎడమ పక్క ఆడేవాడికి సొంత మేనమామ, అందుకని మా అందరికీ మావే. ఆయన మమ్మల్నందర్నీ అల్లుడూ అనేవాడు. కూతుళ్ళు లేరు కాబట్టి ఆ పిలుపులో ఆయనకి ప్రమాదమేమీ లేదు.

ఆ మేనల్లుడికి ఇరవయ్యారేళ్ళు. తెల్లారగట్ల మావ పడవలో వేట, సాయంత్రం మా గ్రౌండులో ఆట. పడవలో వెనక తెడ్డు దగ్గర నిలబడేది వాడే. అల మీద నిలబడి నేర్చుకున్న కాళ్ళు నేల మీద ఎవరికి దొరుకుతాయి? వాడు పరిగెత్తితే వాడి నీడ పది అడుగులు వెనకబడి, రొప్పుకుంటూ వచ్చి కలుసుకునేది.

ఇక కెప్టెన్. పోర్టులో బస్తాలు మోసే కళాసీ. ఆ మనిషి పెనాల్టీ బాక్సులో నిలబడితే గోల్‌కీపర్‌కి ఎండ తగిలేది కాదు. మంచివాడే. కానీ మనిషికి నొప్పి అనేది ఉంటుందని నమ్మేవాడు కాదు.

జట్టు బట్టలు మార్చుకునేది ఒక పాత గోడౌన్ తాలూకు కాటా గదిలో. గోడౌన్ ఎప్పుడో మూతపడింది. అందరూ వెళ్ళిపోయారు గానీ బస్తాలు తూచే కాటా వెళ్ళలేదు. దాన్ని మోసే మనిషి దొరకలేదంతే. ఉప్పుగాలికి తుప్పు పట్టి దాని ముల్లు అరవై మూడు కిలోల దగ్గర బిగుసుకుపోయింది. నిమ్మకాయ పెట్టినా అరవై మూడే, కెప్టెన్ ఎక్కినా అరవై మూడే.

దాని మీద కెప్టెన్ ఒక ఆచారం పెట్టాడు. ఎవడైనా నొప్పి అన్నాడంటే అందరి ముందూ కాటా ఎక్కాలి.

"ఎంతున్నాదిరా?"

"అరవై మూడు."

"నొప్పి రాకముందెంత?"

"అరవై మూడు."

"మరి నొప్పెక్కడున్నాదిరా? బరువు లేందాన్ని సరుకనరు. దిగు. బూట్లు కట్టుకో."

గదంతా పగలబడి నవ్వేది. కొత్తగా చేరినవాడైతే కాటా మీదే పాతిక గుంజీలు కూడా. తీసినంతసేపూ అందరూ "నొప్పెంత బరువు, నొప్పెంత బరువు" అని చప్పట్లు. బయట కిటికీ దగ్గర నిలబడి మేమూ నవ్వేవాళ్ళం. అక్కడ నవ్వినవాళ్ళందరిలో నా నవ్వే పెద్దది. ఇది మాత్రం కోత కాదు.

ఆ ఏడాది ప్రపంచ కప్పు టీకొట్టు టీవీలో చూశాం. ఎవడికో కాలు తగిలితే నలుగురు సంచులు పట్టుకుని పరిగెత్తుకొచ్చి, ఏదో డబ్బా నొక్కి పొగ కొట్టారు. వాడు లేచి పరిగెత్తాడు.

"అదేటి బావా ఆ డబ్బాలోది?" అని స్టీల్ బావ.

"అది కొడితే విరిగిన ఎముక అతుక్కుంటుందట. సొట్ట పడిన స్కూటర్‌కి కొట్టినా పనిచేస్తుందట" అన్నాను నేను.

"మరి మనోళ్ళకో?"

"మనకి కాటా ఉంది కదా."

టీకొట్టు మొత్తం నవ్వింది. మావ నవ్వలేదు. ఆయన నవ్వకపోవడం నాకు బాగా గుర్తు. జోకు చెప్పేవాడికి నవ్వినవాళ్ళు గుర్తుండరు, నవ్వనివాడే గుర్తుంటాడు.

తర్వాత రెండు వారాలకి మా గోల్‌కీపర్ భుజం నొప్పన్నాడు. కాటా ఎక్కించారు. అరవై మూడు. దిగి ఆడాడు. మొదటి బంతికే ఎగిరి పడ్డాడు. భుజం దగ్గర ఎముక విరిగిన చప్పుడుకి పోర్టులో క్రేను గొలుసు తెగిందనుకున్నాం. అతను ఆటో తోలేవాడు. మూడు నెలలు హ్యాండిల్ తిప్పలేకపోయాడు.

గోడ మీద పెద్ద చర్చ.

"ఆటన్నాక దెబ్బలుండవా?" అన్నాను. అన్నాక ఊరుకున్నానా? మా తాత రెండు కాళ్ళూ విరిగాక గోలు కొట్టాడని కూడా చెప్పాను. మా తాత జన్మలో చూసిన బంతి ముద్దబంతి ఒక్కటే.

"దెబ్బలుంటాయి బావా, కాదన్నానేటి?" అన్నాడు స్టీల్ బావ. "తగలకుండా చూసుకోడం అనేదొకటుంటాది గదా. మా కాడ బోర్డుంటాది. ప్రమాదం లేకండా ఎన్ని రోజులు గడిచాయో దాని మీద రాత్తారు. రోజూ డ్యూటీకెల్తా ఆ నంబరు సూత్తే, దాన్ని మన చేత్తో సెడగొట్టకూడదని ఒక బయ్యం. మనం కూడా ఒక బోర్డెడదాం."

మావ బీడీ ఆర్పి చెవి వెనక పెట్టుకున్నాడు. "మా పడవకి బోర్డేటీ నేదు" అన్నాడు. "తెల్లారి ఒడ్డు మీద కూడతాం. ఎవుడన్నా 'ఈయేళ నాను రాను' అంటే రాడు. అంతే."

"ఎందుకు రావని అడగరా?" అన్నాను.

"అడక్కూడదు."

"దొంగ వేషాలేస్తేనో?"

"ఏత్తే ఏత్తాడు. ఒక్క రోజేగదా. అడిగావనుకో, రేపు నిజంగా బాగోనప్పుడు సెప్పడు. ఒడ్డు మీద సెప్పనోడు నడి సంద్రంలో సెప్తాడు. అప్పుడేటి సేత్తావ్ అల్లుడూ?"

"మరి ఆడి వాటా?" అన్నాడు స్టీల్ బావ.

"ఆడి వాటా సేప ఆడింటికెల్తాది. ఆడికి బాగోనేదని ఆడింటి పొయ్యికేటి తెల్సు?"

మేమిద్దరం తలలూపాం. పెద్దలు మంచిమాట చెప్పినప్పుడు తల ఊపి, మన పని మనం చేసుకోవడం ఆనవాయితీ కదా. మర్నాడే బోర్డు వచ్చేసింది.

ఎక్కడో బడి మారుస్తుంటే దొరికిన పాత నల్లబోర్డది. కాటా గది తలుపు పక్కన మేకులు కొట్టి తగిలించాం. పైన రంగుతో పర్మనెంటుగా "గాయం లేకుండా గడిచిన రోజులు" అని రాశాను. కింద సుద్దముక్కతో నంబరు. నా చేతిరాత చూసి ఓడ కెప్టెన్లు కాగితాలు ఫ్రేము కట్టించుకునేవారు కాబట్టి సుద్దముక్క అధికారం నాకే వచ్చింది. రోజూ ఆఫీసుకి వెళ్ళే ముందు గ్రౌండుకెళ్ళి నిన్నటి నంబరు తుడిచి ఇవాళ్టిది రాసేవాణ్ణి.

గాయం అంటే ఏమిటన్న దాని మీద మూడు సాయంత్రాలు వాదించుకున్నాం. రక్తం వస్తే గాయమన్నాడొకడు. విరిగిన ఎముకకి రక్తమెక్కడిదన్నాడు ఇంకొకడు. చివరికి స్టీల్ బావే తీర్పిచ్చాడు: మర్నాడు పనికి వెళ్ళలేకపోతే గాయం, వెళ్ళగలిగితే కాదు. ప్రపంచంలో ఇంత స్పష్టమైన నియమం ఇంకొకటి లేదని సంబరపడ్డాం. బస్తాలు మోసేవాడూ వల లాగేవాడూ ఆటో తోలేవాడూ ఒళ్ళు బాగోకపోయినా పనికి వెళ్తారన్నది వాదించిన మేధావులెవరికీ తట్టలేదు.

నంబరు పెరిగింది. పది, ఇరవై, నలభై. అవతలి జట్లవాళ్ళు వచ్చి చూసిపోయేవారు. అరవై దాటాక నేను దాని చుట్టూ సుద్దతో తీగలూ పువ్వులూ వేశాను. డెబ్భై దగ్గర, మేం ఆడుతున్న టోర్నమెంటు కమిటీవాళ్ళొకరు చూసి ముచ్చటపడి, వంద రోజులు నిండితే జట్టందరికీ కొత్త బూట్లు కొనిపెడతామని మాటిచ్చేశారు. మా జట్టు బూట్లంటే మీకు తెలియదు. కెప్టెన్ బూటు అడుగుభాగాన్ని మావ వల తాడుతో కుట్టి పెట్టాడు. వాన రోజున అందులోంచి చిన్న చేపలు పడేవని చెప్తుంటాను గానీ, మీకు తెలుసుగా.

ఎనభై దాటాక నాకొక వింత కనిపించింది. ఆట అయ్యాక మా వాళ్ళు కాటా గదిలోంచి బయటికొచ్చి, బోర్డు ముందునుంచి పెళ్ళికొడుకుల్లా నిటారుగా నడుచుకుంటూ పోయేవారు. రైల్వే గేటు దాటగానే ఒకడు కుంటేవాడు, ఒకడు నడుం పట్టుకునేవాడు, ఒకడు గోడకి ఆనుకుని కూలబడేవాడు. బోర్డు కనిపించేంత మేర ఆరోగ్యం, అది దాటితే ఆసుపత్రి. నేను దాన్ని కూడా జోకు చేసి టీకొట్టులో చెప్పాను. మళ్ళీ బాగానే నవ్వారు.

రెండో వింత వాసన. మా వాళ్ళ మోకాళ్ళూ మడమలూ వంజరం చేప కంపు కొట్టేవి. అది ఎందుకో మావ కనిపెట్టాడు.

ఫైనల్ ఆదివారం. లెక్క ప్రకారం తొంభై తొమ్మిదో రోజు. ముందురోజు సాయంత్రం గోడ మీద మావ అన్నాడు.

"నా పెట్టిలో ఐసు రోజూ తగ్గిపోతన్నాది. సేపల మీదెయ్యాల్సిన ఐసు. ఎవుడట్టికెల్తన్నాడో అని కాపేసాను. మావోడే. తువ్వాల్లో మూటగట్టి మోకాలికి కట్టుకుంటన్నాడు. మోకాలు గుమ్మడికాయలాగున్నాది. మిగిలినోళ్ళకీ ఈడే పంచుతన్నాడంట."

"అడిగావా?" అన్నాను.

"అడిగాను. అడక్కూడదని తెల్సి అడిగాను. ఏటీ నేదు మావా అన్నాడు."

గ్రౌండులో వాడు పరిగెడుతూనే ఉన్నాడు. నీడ వాడితో సమానంగా పరిగెడుతోంది.

"కొంపదీసి కెప్టెన్ బలవంతం పెట్టాడా?" అన్నాడు స్టీల్ బావ.

"ఆడెందుకెడతాడు? ఆ గోడ మీద నంబరెట్టింది సాలదా? తొంబై ఎనిమిది సున్నా సేసినోడు ఆడే అంటారని ఆడి బయ్యం. పదకొండు జతల బూట్లు పోగొట్టినోడు ఆడే అంటారని. ఆ పైన కాటా." మావ తన చేతుల వంక చూసుకున్నాడు. "సెయ్యి ఇరిగినా కూకుని వల అల్లుకోవచ్చు. మోకాలు పోతే పడవలో నిలబడ్డానికేటున్నాది? నాను ముసిలోణ్ణయిపోతన్నాను. నా ఎనక తెడ్డు అట్టుకునేటోడు ఆడొక్కడే."

స్టీల్ బావ తలపట్టుకున్నాడు. "నాదే తప్పు బావా" అన్నాడు నాతో. "మా కాడ బోర్డు ఎనకాల డాక్టరున్నాడు, అంబులెన్సున్నాది. దెబ్బ తగిలిందంటే రాసుకునే మనిషున్నాడు. ఇక్కడ బోర్డు ఎనకాల ఏటున్నాది? గోడ." కానీ ఆ వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు. "అయినా రెండ్రోజులాగితే వందయిపోతుంది కదా. ఫైనల్ ఆడేస్తే అయిపోయె. తర్వాత కావలిస్తే ఆర్నెల్లు పడుకోమందాం." మనిషన్నాక రెండు నాలుకలుంటాయి. మావ గోడ దిగి వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున్న నేను వెళ్ళి తొంభై తొమ్మిది రాశాను. చుట్టూ పువ్వులు కూడా సరిచేశాను.

సాయంత్రం నాలుగింటికి ఊరు ఊరంతా వచ్చింది. ఓడలు కూడా లంగరు లాక్కుని ఒడ్డుకి జరిగాయి. మేం ముగ్గురం కాటా గది కిటికీ దగ్గరికి వెళ్ళాం. లోపల అందరూ బూట్లు కట్టుకుంటున్నారు. మేనల్లుడు బెంచీ మీద కూర్చుని ఎడమ బూటు తొడగబోయి, మోకాలు వంగక ఆగిపోయాడు. ఒక్క క్షణమే. కానీ కెప్టెన్ చూశాడు.

"ఏట్రా?"

"ఏటీ నేదన్నా."

"నొప్పా? ఎక్కు మరి."

వాడు ఎక్కాడు. ఒక కాలి మీద బరువేసి నిలబడ్డాడు. గదిలో ఒకడు చప్పట్లు మొదలెట్టాడు గానీ ఈసారి ఎవరూ సరిగ్గా అందుకోలేదు.

"ఎంతున్నాది?"

"అరవై మూడు."

అప్పుడు నేను లోపలికి వెళ్ళాను. తలుపు తోసుకుని, పదకొండుమంది మధ్యనుంచి నడిచి, చెప్పులతోనే కాటా ఎక్కి వాడి పక్కన నిలబడ్డాను. వాడి భుజం మీద చెయ్యేసి ముల్లు వైపు చూశాను. అరవై మూడు.

"నానూ ఎక్కాను. ముల్లు కదల్లేదు" అన్నాను కెప్టెన్‌తో. "అయితే నానూ లేనట్టేనా?"

పట్టాల మీద గూడ్సు బండి వెళ్తున్న చప్పుడు. నేను కాటా దిగి, బయటికి వెళ్ళి, బోర్డు మీద తొంభై తొమ్మిదిని పువ్వులతో సహా తుడిచేసి సున్నా పెట్టాను. పెట్టి తిరిగొచ్చేసరికి మేనల్లుడు కాటా మీదే కూర్చుని మోకాలి మేజోడు కిందికి లాగుతున్నాడు. ఆ మోకాలి గురించి నేనేం పెంచి చెప్పక్కర్లేదు. మావ చెప్పిందే సరి.

కెప్టెన్ చాలాసేపు ఆ మోకాలి వంక చూశాడు. తర్వాత బెంచీ మీద కూలబడి తన కుడి బూటు విప్పాడు. బొటనవేలు నల్లగా కమిలి, గోరు ఊడి వేలాడుతోంది. "మూడు వారాలయింది" అన్నాడు, ఎవరితోనో తెలియదు. గోల్‌కీపర్‌గా ఆడుతున్న కొత్తవాడు బనీను ఎత్తి పక్కటెముకలు చూపించాడు. ఇంకొకడు మడమ. ఇంకొకడు ఏమీ చూపించకుండా ఊరికే ఏడ్చాడు. పదకొండుమందిలో అయిదుగురు. తొంభై తొమ్మిది రోజులూ మా బోర్డు అబద్ధమాడింది. నేను కోతలరాయుణ్ణని పేరు గానీ, అంత పెద్ద కోత నేనెప్పుడూ కోయలేదు. నా చేతిరాతతోనే కోశాను.

ఫైనల్లో బెంచీ మీద ఉన్నవాళ్ళందర్నీ దింపినా పదిమందే అయ్యారు. మేనల్లుడు మా మధ్య గోడ మీద కూర్చున్నాడు, మోకాలికి బహిరంగంగా ఐసు కట్టుకుని. నాలుగు సున్నాతో ఓడిపోయాం. నేను చెప్పేటప్పుడు పధ్నాలుగు అంటాను. బూట్లు రాలేదు. ఆటగాళ్ళలో సగంమంది మా మీద కోపగించుకున్నారు. కెప్టెన్ దాదాపు ఏడాదిపాటు మా గోడ వైపు తల తిప్పలేదు.

కానీ తర్వాతి ఆట రోజున కిటికీలోంచి ఒకటి చూశాం. కెప్టెన్ కాటాకి వీపు పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా గోడకేసి తిరిగి, "ఈయేళ ఎవులు రారు?" అన్నాడు. వెనక రెండు గొంతులు పలికాయి. అతను లెక్క మాత్రం వేసుకుని మిగతావాళ్ళని పిలిచాడు. ఎందుకని అడగలేదు. ఆ మాట అతనికి ఎవరు చెప్పారో నేనూ అడగలేదు. మావ మాత్రం ఆ రోజు బీడీ మొత్తం కాల్చాడు.

మేనల్లుడు ఆ చలికాలమంతా ఒడ్డునే ఉన్నాడు. వాడి వాటా చేప రోజూ వాడింటికి వెళ్ళింది. మళ్ళీ ఫుట్‌బాల్ ఆడలేదు. ఆడొచ్చన్నారు గానీ వాడే వద్దనుకున్నాడు. తర్వాతి సంవత్సరాల్లో ఎప్పుడు వాళ్ళ పేటకి వెళ్ళినా, పడవ వెనక తెడ్డు దగ్గర వాడే కనిపించేవాడు. మావ ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటుండేవాడు. వాన వచ్చేముందు వాడి మోకాలు లాగుతుందట. రేడియోలో తుఫాను వార్త వినేముందు పేటలో సగంమంది వాడి మోకాలిని అడిగేవారు. గ్రౌండులో సగం లారీల స్టాండయిపోయింది. బోర్డు టీకొట్టువాళ్ళు పట్టుకుపోయారు. పైన నా చేతిరాత అలాగే ఉంది. "గాయం లేకుండా గడిచిన రోజులు", దాని కింద ఇడ్లీ, గారె, ఉప్మా.

ఇక రాయి సంగతి.

పడ్డవి పధ్నాలుగు గోల్స్ కావు. పదకొండు గడ్డిపరకలు కావు. ఓడలు ఒడ్డుకి జరగలేదు. అదంతా తడి. మీరెలాగూ తగ్గించే ఉంటారు. నేను కలిపిన రాయి ఒకటే గానీ రెండు ముక్కలైంది.

కాటా ఎక్కింది నేను కాదు. మావ. నన్ను పక్కకి జరిపి లోపలికి వెళ్ళింది ఆయన. మేనల్లుడి భుజం మీద చెయ్యేసిందీ, ఆ మాటన్నదీ ఆయనే. ఆ ఒక్క మాట నా నోట్లోంచి ఆయన యాసలో వచ్చిందని మీలో కొందరు కనిపెట్టే ఉంటారు. బోర్డు తుడిచిందీ ఆయనే, భుజం మీది తువ్వాలుతో. తుడిచి నావైపు చెయ్యి చాపాడు, సుద్దముక్క కోసం. ఆయనకి చదువు రాదు. సున్నాకి చదువెందుకు? సుద్దముక్క నా జేబులో ఉంది. తియ్యడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఎందుకంటే ముందురోజు గోడ మీద, "రెండ్రోజులాగితే వందయిపోతుంది కదా" అన్నది స్టీల్ బావ కాదు. నేను. అతను అన్నది గోడ మాట ఒక్కటే. రెండో నాలుక నాది.

మేనల్లుడు ఇల్లు కట్టుకున్నప్పుడు భోజనాల దగ్గర ఓ యాభైమందికి నేనీ కథ చెప్పాను, పైన రాసినట్టే, కాటా నేను ఎక్కినట్టే. అందరూ నా వీపు తట్టారు. రెండాకుల అవతల మావ కూర్చుని తింటున్నాడు. స్టీల్ బావ నా వంక ఒకలా చూసి తల దించుకున్నాడు. చేతులు కడుక్కునే దగ్గర మావ నా పక్కకి వచ్చాడు. ఇప్పుడు అడుగుతాడనుకున్నాను. నా చేతి మీద చెంబుతో నీళ్ళు పోశాడు.

"పులుసు బాగున్నాదా అల్లుడూ?" అన్నాడు.

అంతే. ఆ తర్వాత కూడా ఆయన ఎప్పుడూ ఎందుకని అడగలేదు. అడక్కూడదు కదా. అందుకే ఇవాళ చెప్తున్నాను.